డిక్కీలో మొక్కలు, కింద చిల్లు

కడియం వచ్చిన కారు ఖాళీగా తిరిగెళ్లదు. పెళ్లికొచ్చినవాళ్లు, రాజమండ్రిలో ఆసుపత్రి పని చూసుకుని వెళ్లేవాళ్లు, హైవే మీద టీకి ఆగినవాళ్లు, అందరూ కడియపులంక దగ్గర ఏదో ఒక నర్సరీలోకి తొంగిచూస్తారు. వెళ్లేటప్పుడు డిక్కీలో రెండు మామిడి అంట్లు, ఒక సంపెంగ, పేరు తెలియని రంగుటాకుల మొక్క ఇంకోటి. మొక్క తల బయటికుంటుంది కాబట్టి డిక్కీ మూత పడదు. నర్సరీ కుర్రాడే పురికొస తెచ్చి మూతని కిందికి కట్టి, "ఏం కాదండి, నెమ్మదిగా పోనివ్వండి" అంటాడు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన నేనూ ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాను.

మొన్న కార్తీకంలో ఒక పొద్దున్న మా పాత పెట్రోలు కారు స్టార్టు చేస్తే వీధి వీధంతా లేచింది. పక్క నర్సరీ నడిపే మా బావ గేటు మీద చేతులానించి, "ఆయ్, ఏంటి బావా, ట్రాక్టరు ఇంజినేమైనా ఎక్కించేవా?" అన్నాడు. ఇంజిను వేడెక్కాక మోత కాస్త తగ్గింది. తగ్గింది కదాని ఊరుకున్నాను. ఆ రోజే రావులపాలెంలో ఒక గృహప్రవేశానికి అరడజను మందార మొక్కలు డిక్కీలో వేసుకుని, అలవాటు ప్రకారం మూత తాడుతో కట్టి బయల్దేరాం. జొన్నాడ వంతెన దాటేసరికి వెనక సీట్లో ఉన్న మా ఆవిడ, "తల దిమ్ముగా ఉందండీ, వికారంగా కూడా ఉంది, అద్దం దింపుతాను" అంది. దింపిన కాసేపటికి తేలికపడింది. ఎండ తగిలిందేమో అనుకున్నాం. కార్తీకంలో ఎండ తగలడమేమిటని అప్పుడు తోచలేదు.

మర్నాడు కారు కింద పాత దుప్పటి పరుచుకుని దూరి చూస్తే, మధ్య పైపుకి అడుగున బొటనవేలు దూరేంత చిల్లు. దాని చుట్టూ నల్లటి మసి, కుంపటి నోటికి పట్టినట్టు. సరిగ్గా వెనక సీటు కింద.

ఈ పైపు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే సైలెన్సర్ అనగానే మనకి మోతే గుర్తొస్తుంది. కారు అరిస్తే సిగ్గుపడి షెడ్డుకి తీసుకెళ్తాం, అరవకపోతే పట్టించుకోం. మోత ఆపడం ఈ పైపు చేసే రెండో పని. ఇంజిన్లో కాలిన వాయువుని మనుషులు కూర్చున్న చోటు దాటించి, బండి వెనక వదిలిపెట్టడం మొదటి పని.

ముందునుంచి చూస్తే, ఇంజినుకి అంటుకుని మేనిఫోల్డ్ ఉంటుంది. ఇంజిను ఊగినా పైపు విరగకుండా చాలా బళ్లలో దాని తర్వాత ఒక వంగే ముక్కో, స్ప్రింగు బోల్టుల జాయింటో పెడతారు. ఆ దగ్గర్లోనే క్యాటలిటిక్ కన్వర్టర్. అక్కణ్ణుంచి పొడుగాటి మధ్య పైపు, వెనక పెద్ద డబ్బాలాంటి సైలెన్సర్, చివర బయటికి కనిపించే తోక. అసలు సైలెన్సర్ ఆ డబ్బా ఒక్కటే. మనం మాత్రం మొత్తానికీ ఆ పేరే పెట్టేశాం. ఇదంతా బండి అడుగున రబ్బరు ఉంగరాలకి వేలాడుతూ ఉంటుంది. ఇంజిను దగ్గర బరువు మీద ఏడెనిమిది వందల డిగ్రీల సెంటీగ్రేడు దాకా పోయే వేడి, తోక దగ్గరికొచ్చేసరికి నూరూ రెండొందలకి దిగుతుంది.

ఆ వాయువులో మనల్ని నిజంగా భయపెట్టాల్సింది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ మీద ఉన్న మోజు కంటే దీని మీద రెండు వందల రెట్లకి పైగా ఎక్కువ. అందుకే గాలిలో అది కొంచెమే ఉన్నా రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన కుర్చీలన్నీ ఆక్రమించేస్తుంది. మొదట తలనొప్పి, దిమ్ము, వికారం. ఇంకా పీలిస్తే మత్తు, స్పృహ తప్పడం. పొగ ఘాటుగా ముక్కుకి తగిలితే ఆ ఘాటు పక్కనున్న వేరే వాయువులది. వాసన రావట్లేదు కాబట్టి పొగ రావట్లేదు అనుకోవడం అందుకే పనికిరాదు. కన్వర్టర్ బాగుండి, వేడెక్కి ఉంటే ఈ విషంలో చాలా భాగాన్ని అక్కడే బొగ్గుపులుసు వాయువుగా మార్చేస్తుంది. కానీ అది పని మొదలెట్టాలంటే రెండు మూడు వందల డిగ్రీల వేడి కావాలి. పొద్దున్నే స్టార్టు చేసిన మొదటి నిమిషాల్లో అది ఉన్నా లేనట్టే. తలుపులు మూసిన షెడ్డులో బండి స్టార్టు చేసి వేడెక్కనివ్వడం అన్నిటికంటే ప్రమాదం.

ఇక డిక్కీ సంగతి. కారు ముందుకి దూసుకుపోతుంటే దాని వెనక గాలి పలచబడి, ఒక గుంటలా ఏర్పడుతుంది. లారీ వెనక దుమ్ము ఎలా లేచి లారీకే అంటుకుంటుందో చూడండి, అదే ఆ గుంట పని. పొగ గొట్టం తోక సరిగ్గా అక్కడే తెరుచుకుంటుంది. డిక్కీ మూత ఎత్తి ఉంటే ఆ సుడిలో తిరిగే పొగ కొంత లోపలికి చొరబడుతుంది. పైపు కొత్తదైనా సరే ఇది తప్పదు. మా బండికి అది చాలక వెనక సీటు కింద చిల్లు కూడా. మా ఆవిడ వెనక కూర్చుంది, నేను ముందు కిటికీ పక్కన కూర్చున్నాను. ఎవరి తల దిమ్మెక్కుతుందో చెప్పడానికి శాస్త్రం అక్కర్లేదు. మూత తెరిచి వెళ్లక తప్పకపోతే ముందు అద్దాలు దింపి, బ్లోయరు బయటి గాలిని లాగేలా పెట్టాలి. అంతకంటే మొక్కని పడుకోబెట్టి మూత వేయడం మేలు. అదీ కుదరకపోతే ట్రాలీ ఆటోకి ఇచ్చెయ్యడమే.

మొక్కలకీ ఈ పొగ పడదు, వేరే కారణంతో. బండి పొగలో ఇథిలీన్ కూడా ఉంటుంది. కాయ పండడానికి, ఆకు పండుబారడానికి, పువ్వు రాలడానికి మొక్క తనంతట తాను తయారుచేసుకునే వాయువు అది. దీన్ని పట్టించింది కూడా కారిపోయిన గ్యాసే. వంద ఏళ్ల పైమాట, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెల్యుబోవ్ అనే విద్యార్థి ప్రయోగశాలలో బఠానీ మొలకలు వంకరగా పెరుగుతుంటే ఆరా తీశాడు. దీపాలకి వాడే గ్యాసు కారుతోంది, అందులోని ఇథిలీనే కారణమని 1901లో రాశాడు. మామిడికాయలకి వేసే కార్బైడు నుంచి వచ్చే ఎసిటిలీన్ దీనికి వరసకి తమ్ముడు. ఈ ఇథిలీన్ వల్లే పూల వ్యాపారులు బండి పొగ తగిలే చోట పూలబుట్టలు ఉంచరు. మా మందారాలు మర్నాటికే మొగ్గలు రాల్చాయని రావులపాలెం నుంచి ఫోనొచ్చింది. గంట ప్రయాణంలో పొగ తగిలే అలా అయిందని ప్రమాణం చెయ్యను. వేరు కదిలినా మందార మొగ్గ రాలుస్తుంది.

చిల్లు ఎందుకు పడిందో చూద్దాం. అడుగున రాయి తగిలి ఉంటుందన్నారు కొందరు. రాయి తగిలితే సొట్ట పడుతుంది. ఇది లోపల్నుంచి తిన్న తుప్పు. పెట్రోలులో ఉన్న హైడ్రోజను కాలితే నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా ఈ పైపులోంచే పోతుంది. చలికాలం పొద్దున్న తోకలోంచి చుక్కలు కారితే చాలామంది రేడియేటరు పగిలిందని కంగారుపడతారు. అది పెట్రోలు నీరే. విశాఖపట్నం దాకా వెళ్లొచ్చే బండిలో పైపు అంతా కాగి ఆ నీరు ఎగిరిపోతుంది. ఇంటి నుంచి నర్సరీకి, నర్సరీ నుంచి పూల మార్కెట్టుకి, రోజుకి రెండేసి కిలోమీటర్లు తిరిగే మా కడియం బళ్లలో పైపు సగం వేడెక్కి ఆగిపోతుంది. ఆవిరి చల్లబడి నీరై పైపు అడుగున, ముఖ్యంగా పల్లంగా ఉన్న చోట నిలుస్తుంది. పొగలోని గంధకం, నైట్రోజను ఆక్సైడులు ఆ నీళ్లలో కరిగితే పలచటి ఆమ్లం. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమ్ముతున్న భారత్ స్టేజ్ 6 పెట్రోలులో గంధకం పది లక్షల్లో 10 వంతులకి మించకూడదు, అంతకుముందు స్టేజ్ 4లో 50 ఉండేది. ఇంధనం బాగుపడింది గానీ నీరు మాత్రం అంతే.

బయటి నుంచి మా నేల తన వంతు తాను చేస్తుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1852లో ఆనకట్ట పూర్తిచేసిన నాటి నుంచి ఈ నేలకి ఎండిపోయే అలవాటు తప్పింది. కాలువ గట్టు, రోజంతా తడిపే నర్సరీ మళ్లు, ఒండ్రు. కారు నిలబెట్టే చోట కూడా అడుగునుంచి చెమ్మ లేస్తూనే ఉంటుంది. ఈ చెమ్మ సంగతి చెబితే అమెరికాలో డెట్రాయిట్ వైపున్న మా పిన్ని కొడుకు నవ్వాడు. అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారట, పైపుల్ని ఆ ఉప్పే తినేస్తుందట. అక్కడ కూలి ఖరీదు కాబట్టి ఇంటి ముందే కారు కింద దూరి పైపు మార్చుకోవడం మామూలేనని వాడే చెప్పాడు. నాకు పురుగు తొలిచింది అప్పుడే.

డబ్బు మిగులుతుందని చెప్పను. రాజమండ్రిలో ఏ వెల్డింగు షెడ్డుకి వెళ్లినా అరగంటలో చిల్లు మీద రేకు ముక్క అతికి పంపేస్తారు. అంతకుముందు ఏడాది నేను చేయించింది అదే. చిల్లు పడిన చోట పక్కనున్న ఇనుము కూడా పలచబడే ఉంటుంది. దాని మీద వెల్డింగు పెడితే అంచు కరిగిపోతుంది, లేదా నాలుగు నెలల్లో అతుకు పక్కన ఇంకో చిల్లు లేస్తుంది. తుప్పుపట్టిన మేరంతా కోసేసి, గట్టి ఇనుము దగ్గర కొత్త ముక్క కలపడం అసలు వైద్యం. ఆ పని ఓపికున్నవాడు ఇంట్లో చెయ్యగలడు.

కాకపోతే ఎక్కడిదాకా? నా లెక్క ఒకటే: కన్వర్టర్ దాటాక ఉన్నది మనది, దానికి ముందున్నది మెకానిక్కుది. మేనిఫోల్డు బోల్టు విరిగితే ఇంజిను హెడ్డు దాకా పోతుంది పని. ఆ దగ్గర్లోనే ఆక్సిజన్ సెన్సారు ఉంటుంది. దాని ముందు చిల్లు పడితే పొగ బయటికి రావడమే కాదు, పొగ దెబ్బదెబ్బకీ మధ్య పైపు బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. సెన్సారు 'గాలి ఎక్కువైంది' అనుకుని ఇంజినుకి పెట్రోలు పెంచమని చెబుతుంది. మైలేజీ పడిపోతుంది. నా చిల్లు సెన్సారు దాటాక ఉంది కాబట్టి మైలేజీ చెక్కు చెదరలేదు, అందుకే నాకు అనుమానమూ రాలేదు. కన్వర్టర్ విషయానికొస్తే, లోపల పింగాణీ తేనెపట్టు మీద ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూత ఉంటుంది. 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకి దాన్ని తప్పనిసరి చేశారు. సీసం కలిసిన పెట్రోలు ఆ పూతని పాడుచేస్తుంది కాబట్టి 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా సీసం లేని పెట్రోలుకి మారింది. 'ఆ డబ్బా పీకేసి ఖాళీ పైపు పెట్టించెయ్, పికప్పు పెరుగుతుంది' అనే సలహాదారు ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. వినకండి. డీజిలు బళ్లకి, గ్యాసు కిట్టున్న బళ్లకి ఈ ఇంటి వైద్యం వద్దని కూడా నా మాట.

ఇక కొలతలు. ఇక్కడే నేను మొదటిసారి బోల్తాపడ్డాను. వెర్నియరు లేకపోతే దారం చాలు. మా ఆవిడ మాల కట్టే దారం పైపు చుట్టూ ఒక చుట్టు తిప్పి, కలిసిన చోట గోటితో నొక్కి, స్కేలు మీద పెడితే 132 మిల్లీమీటర్లు వచ్చింది. 3.14తో భాగిస్తే 42. రాజమండ్రి వెళ్లి '42 పైపు కావాలి' అన్నాను, 42 పైపే ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే అది పాత పైపు పక్కన కవలపిల్లలా నిలబడింది. ఒకదాంట్లో ఒకటి దూరదు. నాకు కావల్సింది పాతదాని మీద చొక్కా చేతిలా ఎక్కే తొడుగు పైపు. బయటి కొలత 45, గోడ మందం 1.2 ఉంటే, రెండు వైపులా కలిపి 2.4 తీసేస్తే లోపల 42.6 మిగులుతుంది. పాత 42 మీద అది సుఖంగా ఎక్కుతుంది. కొట్టువాడి తప్పేమీ లేదు, కొనేటప్పుడు బయటి కొలతా లోపలి కొలతా రెండూ అడగాలి.

నర్సరీ ఉన్న ఇంట్లో ఇంకో ప్రలోభం ఉంటుంది. మూలన పడున్న జీఐ నీళ్ల పైపు. బావ అదే చేతికిచ్చాడు, 'చక్కగా సరిపోద్ది బావా' అని. దాని మీద ఉన్నది జింకు పూత. ఎర్రగా కాగినా, దాని మీద వెల్డింగు పెట్టినా తెల్లటి పొగ లేస్తుంది. అది పీల్చినవాళ్లకి సాయంత్రానికి వణుకుతో జ్వరం వస్తుంది, వెల్డర్లకి ఈ సంగతి బాగా తెలుసు. వాడకండి. సైలెన్సర్ పైపుకి అల్యూమినియం పూత ఇనుమో, క్రోమియం కలిసిన స్టెయిన్‌లెస్ రకమో అడగాలి. లప్పంలా రెండు ముద్దలు కలిపి పిసికి పెట్టే అతుకు మందు కూడా ఆ వేడికి మెత్తబడి రాలిపోతుంది. సైలెన్సర్ కోసమే అమ్మే వేడి తట్టుకునే పేస్టు వేరే ఉంది.

పనికి ముందు కారు పైకెత్తాలి. ఈ ఒక్క విషయంలో ఎంత చాదస్తంగా ఉన్నా తప్పులేదు. మా ఒండ్రు నేల మీద జాకీ పెడితే కళ్లముందే కుంగుతుంది, పైగా నర్సరీ నేల నీళ్లు తాగి ఉంటుంది. గట్టి సిమెంటు నేల కావాలి. జాకీ కింద మందపాటి చెక్క పలక. హ్యాండ్‌బ్రేకు వేసి, గేరులో పెట్టి, నేల మీదున్న చక్రాలకి ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టాలి. కారుతోపాటు ఇచ్చే కత్తెర జాకీ టైరు మార్చడానికే, దాని మీద ఆన్చిన కారు కింద తల పెట్టకూడదు. జాకీ స్టాండ్లు రెండు కొనండి, లేదా మెకానిక్కు దగ్గర అడిగి తెచ్చుకోండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పనికిరావు, అవి చెప్పకుండా పగుల్తాయి. ఎత్తాక కారుని రెండు చేతులతో గట్టిగా ఊపి చూడాలి. ఊగి పడేదైతే మీరు బయట ఉండగానే పడాలి. తీసిన స్టెప్నీ చక్రాన్ని బండి అంచు కిందికి తోసి ఉంచండి, రెండో కాపలాకి. ఇంజిను చల్లారేదాకా, అంటే కనీసం రెండు మూడు గంటలు, పైపుని ముట్టుకోవద్దు. పక్కన ఎండు కొబ్బరి పొట్టు, పాలిథిన్ సంచుల కట్టలు లేకుండా చూసుకోండి. మాకు ఇసుకకి లోటు లేదు, ఒక బొచ్చె తెచ్చి దగ్గర పెట్టుకున్నాను.

కన్వర్టర్ దగ్గర జాయింటు బోల్టులతో మాట్లాడాల్సింది ముందురోజు రాత్రే. తుప్పు వదిలించే నూనె చల్లి వదిలెయ్యాలి, పొద్దున్న ఇంకోసారి. తీసేటప్పుడు నేరుగా విప్పడానికి తొందరపడకుండా, ముందు ఒక్క వెంట్రుకవాసి బిగించి, తర్వాత విప్పాలి. ఆ చిన్న కదలికకే తుప్పు పొర పగులుతుంది. నట్టుకి ఆరు పక్కలా అంటుకునే సాకెట్టు పానా వాడితే మూలలు అరగవు. నా రెండు బోల్టుల్లో ఒకటి మంచి మాటకి లొంగింది, రెండోది నిలువునా తెగింది. తెగడం ఒకందుకు మంచిదే, కొత్తవి కొనక తప్పలేదు. ఆ బోల్టులకి స్ప్రింగులుంటాయి. ఇంజిను ఊగినప్పుడు జాయింటు కొద్దిగా కదలడానికే అవి. స్ప్రింగు పారేసి మామూలు నట్టు బిగించారంటే ఆ ఊపంతా మేనిఫోల్డు మీద పడి అది చీలుతుంది. రబ్బరు ఉంగరాలు లాగితే రావు, సబ్బునీళ్లు పోసి తిప్పితే జారిపోతాయి.

ఇంట్లో చేసేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఏమిటంటే, కారు కింద పడుకుని కొయ్యకండి. వెనక సీటు దగ్గర్లోనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది, గ్రైండరు నిప్పురవ్వలకి అది తెలియదు. మా బండిలో కన్వర్టర్ దగ్గర జాయింటు విప్పి, రబ్బర్లు తప్పించి, మధ్య పైపునీ సైలెన్సర్ డబ్బానీ కలిపి వెనక ఇరుసు మీదుగా మెలికలు తిప్పుతూ బయటికి లాగేశాం. బావ ఒక కొస, నేను ఒక కొస. అరుగు మీద పెట్టుకుని పని చేసుకుంటే నిప్పురవ్వలకీ, నడుముకీ ఇబ్బంది లేదు.

కోసేముందు పైపు పొడవునా సుద్దతో ఒక గీత గీశాను. కోసిన రెండు ముక్కలు తిరిగి కలిపేటప్పుడు ఆ గీత కలవాలి. లేకపోతే పైపు మెలిక తిరిగి రబ్బర్ల కొక్కేలు ఒక పక్కకీ, డబ్బా ఒక పక్కకీ చూస్తాయి. తర్వాత చిన్న సుత్తితో చిల్లు నుంచి రెండు వైపులా తట్టుకుంటూ పోయాను. తుప్పుపట్టిన చోట 'డబ్' అని చచ్చిన శబ్దం, బాగున్న చోట 'ఠంగ్'. కుండలు కొనేటప్పుడు మా అమ్మమ్మ చేసే పరీక్షే. ఠంగుమన్న చోట గుర్తు పెట్టి ఆక్సా బ్లేడుతో కోస్తే 22 సెంటీమీటర్ల ముక్క ఊడింది. దాన్ని అరుగు మీద తాటిస్తే చేరెడు తుప్పు పెచ్చులు రాలాయి. అడ్డంగా చూస్తే పైన గోడ ఇంకా రూపాయి బిళ్లంత మందంగానే ఉంది, అడుగు మాత్రం కాల్చిన అప్పడంలా వేలితో నొక్కితే విరిగింది. నీళ్లు ఎక్కడ నిలిచేవో గీత గీసినట్టు కనిపించింది.

తొడుగు పైపు 32 సెంటీమీటర్లు కోశాను. ఊడిన 22, రెండు వైపులా పాత పైపు మీదికి ఎక్కడానికి ఐదేసి. తొడుగు రెండు కొసల్లోనూ రెండున్నర సెంటీమీటర్ల చీలికలు రెండేసి పెడితే క్లాంపు బిగించినప్పుడు అది లోపలి పైపుని పట్టుకుంటుంది. క్లాంపు పట్టీలా వెడల్పుగా ఉన్నది తీసుకోండి. యూ ఆకారపు బోల్టు ఒక చోటే నొక్కి పైపుని నలిపేస్తుంది, తర్వాత ఎప్పుడైనా విప్పాలన్నా రాదు. కోసిన అంచులు ఆకురాయితో నునుపు చేసి, ఎమరీ కాగితంతో పాత పైపు కొసలు మెరిసేదాకా రుద్ది, పేస్టు పలచగా పూసి, తొడుగు తిప్పుతూ ఎక్కించాను. సుద్ద గీతలు కలిపాను. కోసిన అంచుల దగ్గర పూత పోయింది కాబట్టి వేడి తట్టుకునే పెయింటు ఒక పూత వేశాను.

బిగింపు ఇప్పుడే వద్దు. అన్నీ వదులుగా పెట్టి, కారు కింద రబ్బర్లకి వేలాడదీసి, కన్వర్టర్ దగ్గర కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులకి రాగి గ్రీజు రాసి, పైపు తనంతట తాను సర్దుకున్నాక ముందునుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. ముందే బిగిస్తే పైపు ఎక్కడో బండి అడుగుకి ఆని, ప్రతి గతుక్కీ గిలక్కాయలా మోగుతుంది. ట్యాంకుకి, బ్రేకు పైపుకి, వైర్లకి కనీసం రెండు వేళ్ల ఎడం ఉందో లేదో చేత్తో చూసుకున్నాను.

పరీక్ష ఆరుబయటే. స్టార్టు చేసిన వెంటనే, తోక వేడెక్కకముందే, చేతికి మందపాటి తొడుగు వేసుకుని తడిగుడ్డతో రెండు మూడు సెకండ్లు నోరు మూయాలి. జాయింట్లు బాగుంటే ఇంజిను గొంతు పట్టినట్టు అయి గుడ్డని తోసేస్తుంది. లేకపోతే ఎక్కడో 'స్స్' మంటుంది. సబ్బునీళ్లు చల్లితే అక్కడ బుడగలొస్తాయి. నాకు ఒక కొసలో బుడగలొచ్చాయి, క్లాంపు ఇంకో అర మలుపు తిప్పితే ఆగాయి. మొదటిసారి వేడెక్కినప్పుడు చేతి జిడ్డూ నూనే కాలి కాస్త పొగ వస్తుంది, కంగారొద్దు. వంద కిలోమీటర్లు తిరిగాక చల్లారిన బండి కింద మళ్లీ దూరి క్లాంపులు ఒకసారి బిగించుకోవాలి. నేను మర్చిపోయి రెండు వందలకి బిగించాను, పావు మలుపు వదులైంది.

పొల్యూషన్ సర్టిఫికెట్టుకి వెళ్లేవాళ్లకి ఒక మాట. పైపుకి చిల్లుంటే తోకలో పెట్టిన గొట్టం పొగతోపాటు చొరబడ్డ గాలిని కూడా కొలుస్తుంది. లెక్క తప్పుతుంది, ఒక్కోసారి తప్పు లెక్కతోనే పాసయిపోతారు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లోని 120వ నిబంధన ప్రతి బండికీ సైలెన్సర్ ఉండాలంటుంది. మోటారు వాహనాల చట్టంలోని 190వ సెక్షను కింద పొగ, మోత హద్దు దాటితే 2019 సవరణ తర్వాత జరిమానా పది వేల రూపాయల దాకా పోతుంది. కుర్రాళ్ల బైకుల నుంచి ఊడబీకిన మోత సైలెన్సర్లని పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించే ఫొటోలు పేపర్లో మనం చూస్తూనే ఉన్నాం. పాతదానిలాంటిదే కొత్త ముక్క వేసుకున్నవాడికి ఆ భయం లేదు.

పని అయిన సాయంత్రం బావ మళ్లీ వచ్చాడు. కారు స్టార్టు చేయించుకుని విన్నాడు, కింద కూర్చుని చూశాడు. సైలెన్సర్ డబ్బా అడుగున సూది మొనంత కన్నం లోంచి ఒక చుక్క, కాసేపాగి ఇంకో చుక్క రాలుతోంది. "బావా, ఇక్కడింకో చిల్లు వదిలేశావు, పేస్టు మిగిలిందా?" అన్నాడు, వేలు చాపుతూ. మిగిలింది గానీ ఇవ్వలేదు. నీళ్లు లోపల నిలవకుండా కంపెనీవాళ్లే చాలా డబ్బాలకి అలా పెడతారు. ఆ కన్నం దగ్గర పట్టిన తుప్పునీ, మట్టినీ సన్నటి తీగతో తీసి శుభ్రం చేశాను. చుక్కలు కొంచెం వేగంగా పడ్డాయి.